బండి జారిపోతోందని తీసుకెళ్తే, స్కానర్ తియ్యకుండా టైరు మీద గోరు గుచ్చి చూసేడు

రావులపాలెం నుంచి కొత్తపేట వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఒక కార్ల మెకానిక్ రేకుల షెడ్డు, బోర్డు గట్రా ఏమీ లేదు, కొబ్బరిచెట్టుకి పాత టైరు కట్టి ఉంటది అదే గుర్తు. మా బావమరిది చెప్తే వెళ్ళేను, లేకపోతే అలాంటి షెడ్డులో నా బండి పెట్టేవాణ్ణి కాదు, నిజం చెప్పాలిగా.

మాది ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, చూడ్డానికి ఏనుగులా ఉంటది గానీ ఫ్రంట్ వీల్ డ్రైవే. కొని ఏడేళ్ళు, 52 వేల కిలోమీటర్లు. మొన్న కార్తీకమాసంలో గోదావరి లంకలో ఉన్న అత్తారింటికి వెళ్ళి తిరిగొస్తుంటే, ముందురోజు వాన పడి ఏటిగట్టు ఎక్కే వాలంతా ఒండ్రు మట్టి వెన్నలా అయిపోయింది, డిక్కీలో బియ్యం బస్తా, 40 కొబ్బరికాయలు, వెనక సీట్లనిండా జనం. సగం ఎక్కాక ముందు చక్రం ఒక్కటే గిర్రున తిరుగుతోంది, బండేమో వెనక్కి జారుతోంది. మా అత్తగారు గోవిందా గోవిందా అంటున్నారు. చివరికి ట్రాక్టర్ తెచ్చి లాగించేం, ఊరంతా వచ్చి చూసేరు, పెద్ద బండి పరువు పోయింది.

అంతకి రెండు వారాల ముందు నుంచీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటూ, జారుతున్న కారు బొమ్మ ఉండే ట్రాక్షన్ కంట్రోల్ లైటూ వెలిగే ఉన్నాయి. కొన్న చోటే సర్వీసుకి ఇస్తే అరగంట కంప్యూటర్ పెట్టి "ఏబీఎస్ మాడ్యూల్ పోయింది సార్, 58 వేలవుద్ది, దానివల్లే జారుతోంది" అన్నారు. ఒక్క చక్రం కూడా పైకి లేపలేదు మహానుభావులు.

ఈ షెడ్డు మేస్త్రి గారు మాత్రం వస్తూనే వంగి టైరు మీద గోరు గుచ్చేడు. గోరు దిగలేదు. "ఏవండీ, ఇది రబ్బరా, టేకు చెక్కా?" అన్నాడు. అరుగు ఇంకా ఉంది కదండీ అని నేను వాదించేను. ఉందండి, 3 మిల్లీమీటర్లు ఉంది, 1.6 దాకా చట్టం ఒప్పుకుంటది గానీ బురద ఒప్పుకోదు కదా అన్నాడు. టైరు పక్కన డాట్ అని రాసి చివర్లో నాలుగంకెలు ఉంటాయి చూడండి, నా వాటిమీద 3417 అని ఉంది, అంటే 2017లో 34వ వారం తయారీ. అన్నేళ్ళు ఎండకి ఎండి గట్టిపడిపోయిన రబ్బరు తడి నేలని పట్టుకోదంట. పైగా గాలి 38 ఉంది, మైలేజీ వస్తదని బంకులో కుర్రాడు చెప్తే నేనే కొట్టించేను, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీదేమో 32 అని ఉంది, ఏడేళ్ళలో ఆ స్టిక్కర్ ఒక్కసారి చదివిన పాపాన పోలేదు.

తర్వాత తీసేడు స్కానర్. నన్ను నడపమని పక్కన కూర్చుని నాలుగు చక్రాల స్పీడు చూపించేడు. మూడు 22 చూపిస్తుంటే ముందు ఎడం చక్రం 0, కాసేపాగి 9, మళ్ళీ 0. జాకీ ఎక్కించి చూస్తే ఆ చక్రం స్పీడు కొలిచే సెన్సార్ వైరు క్లిప్పు లేక వేలాడుతూ సస్పెన్షన్‌కి రాసుకుని తోలు ఊడిపోయింది, లోపల రాగి పచ్చగా చిలుం పట్టేసింది. పోయినేడు పని చేసినోళ్ళు క్లిప్పు తిరిగి పెట్టలేదన్నమాట. చెడిన ముక్క కోసేసి, కొత్త వైరు టంకం వేసి, స్లీవ్ తొడిగి, క్లిప్పేసి కోడ్ చెరిపేసేడు. 700 రూపాయలు తీసుకున్నాడు. 58 వేలు ఎక్కడ, 700 ఎక్కడ!

అయితే లైటు ఆరిపోయింది కదా అయిపోయిందనుకుంటే ఒప్పుకోలేదు. "జారుడు ఒక రోగం, లైటు ఇంకో రోగమండి, రెండూ ఒకేసారి వచ్చేయి" అన్నాడు. జారుడు టైర్లది. లైటు వెలిగితే ట్రాక్షన్ కంట్రోల్ పడుకుంటది, అది మేలుకుని ఉంటే ఊరికే తిరుగుతున్న చక్రానికి తనే బ్రేకేసి రెండో చక్రానికి బలం పంపుద్ది, పడుకుంటే బలమంతా ఆ జారే చక్రానికే పోద్ది. పైగా డిక్కీలో బరువేసి వాలు ఎక్కితే ముందు తేలిపోద్ది, ఫ్రంట్ వీల్ బండికి పట్టు ఉండేదే ముందు. మరీ ఎక్కకపోతే రివర్స్‌లో ఎక్కించండి, అప్పుడు ఇంజనూ బరువూ కింద వైపుంటాయి అన్నాడు. నేను నవ్వేను గానీ తర్వాత చేసి చూసేను, ఎక్కింది మరి. లైటు బాగున్నా సరే బురదలో బండి దిగబడితే మాత్రం ట్రాక్షన్ బటన్ ఆపెయ్యాలంట, లేకపోతే ఇంజన్ బలం కోసేసి అక్కడే కూచోబెట్టేస్తది.

టైర్లు ఆయన అమ్మడు, అందుకే మాట నమ్మేను. రెండే మారుస్తానంటే, రెండే అయితే కొత్తవి వెనక వెయ్యండి, లేకపోతే వానలో మలుపు దగ్గర తోక తిరిగిపోద్ది, మీకేమో ముందు పట్టు కావాలి కాబట్టి నాలుగూ మార్చండి అన్నాడు. టౌన్లో అలైన్‌మెంట్‌తో కలిపి 39 వేలయ్యింది, నొప్పిగానే ఉంది. ఇప్పుడైతే కోతల టైములో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పక్క నుంచీ, ట్రాక్టర్లు మోసుకొచ్చిన బురద మీదా బండి అదరకుండా వెళ్తోంది.

కంప్లయింట్లు లేవా అంటే ఉన్నాయి. కూచోడానికి ఒక్క బెంచీ, అదీ ఎండలో. బిల్లు ఇవ్వడు. ఫోనెత్తడు. ఒంటిగంట నుంచి మూడింటి దాకా భోజనం, కునుకు, ఎవరొచ్చినా లేవడు. 5కి 4 ఇస్తున్నాను, ఆ ఒక్కటీ బిల్లు ఇవ్వనందుకు. వెళ్ళేవాళ్ళు పొద్దున్న పదిలోపే వెళ్ళండి, డిక్కీ ఖాళీ చేసుకుని వెళ్ళండి, నా కొబ్బరికాయలు చూసి పావుగంట క్లాసు పీకేడు.