పది మీటర్ల రైఫిల్: ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌దా, మెకానికల్‌దా? స్పేర్ల లెక్కలో ఏది మేలు?

మా అమ్మాయికి పది మీటర్ల పోటీల్లో వాడే మ్యాచ్ ఎయిర్ రైఫిల్, అంటే గాలి ఒత్తిడితో కాల్చేది, కొనాలనుకున్నప్పుడు టేబుల్ మీద రెండు కొటేషన్లు ఉన్నాయి. ఒకటి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌తో వచ్చే సరికొత్త మోడల్. రెండోది మెకానికల్ ట్రిగ్గర్‌ది, చాలా ఏళ్లుగా పిల్లలు వాడుతున్నది. రెండూ జర్మనీ నుంచి రావాల్సినవే, రెండూ లక్షల్లోనే. తిరుపతిలోనో చిత్తూరులోనో ఇంకో తల్లీ తండ్రీ ఇదే లెక్క వేసుకుంటూ ఉంటారు. అందుకే మేం ఎలా తేల్చుకున్నామో రాస్తున్నాను.

బారెల్ సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ అక్కడే ఆగిపోతారు. టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పెల్లెట్, అంటే అందులో వేసే చిన్న గుండు, 4.5 మిల్లీమీటర్లు. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్, అన్షుట్జ్, స్టైయర్ కంపెనీల పెద్ద మోడల్ ఏదైనా సరే, సరిపడే పెల్లెట్ వేసి, కదలకుండా బిగించి కాలిస్తే పెల్లెట్లన్నీ దాదాపు ఒకే రంధ్రంలోంచి పోతాయి. ఆ స్థాయిలో బారెల్ గురించి వాదించుకుని ప్రయోజనం లేదు. గన్ మన పిల్ల చేతిలో ఉంటుందా, రిపేరుకని కొరియర్‌లో తిరుగుతూ ఉంటుందా అన్నదే చూసుకోవాలి.

ఈ మాట మాకు ఊరికే తెలియలేదు. మొదటి రైఫిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. బారెల్ చూశాం, ట్రిగ్గర్ చూశాం, చెక్క మీద గీతలు కూడా చూశాం. గాలి నింపుకునే సిలిండర్ మీద కొట్టిన తేదీ మాత్రం చూడలేదు. ఒక పోటీకి వెళ్తే పరికరాల తనిఖీ దగ్గర సిలిండర్ తిప్పి చూసి, గడువు దాటింది, దీంతో కాల్చకూడదు అన్నారు. రూలు ప్రకారం అది సరైనదే. లోపల 200 బార్ ఒత్తిడి ఉంటుంది, అంటే కారు టైరులో ఉండే గాలికి దాదాపు వంద రెట్లు. కంపెనీ రాసిన గడువు దాటకుండా చూసుకునే బాధ్యత షూటర్‌దే. మా అమ్మాయి నా వైపు చూసి, "నాయనా, ఇప్పుడెట్లా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అదే కంపెనీ రైఫిల్ ఉన్న ఇంకో పాప తన రెండో సిలిండర్ ఇచ్చింది కాబట్టి ఆ రోజు గడిచింది. మా గన్ ఎవరి దగ్గరా లేని మోడల్ అయ్యుంటే ఆ పోటీ అక్కడితో అయిపోయేది.

అప్పటినుంచి రైఫిల్‌ను నేను రెండు భాగాలుగా చూస్తున్నాను: ఆ కంపెనీ దగ్గర తప్ప ఎక్కడా దొరకనివి, ఎవరు చేసినా పట్టేవి.

ఎవరు చేసినా పట్టేవి మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి. పైన సైట్, అంటే గురి చూసే భాగం, బిగించే పట్టీ 11 మిల్లీమీటర్లది. దాంతో ఒక కంపెనీ వెనక సైట్ ఇంకో కంపెనీ రైఫిల్ మీద కూర్చుంటుంది. కంటి దగ్గర వెలుతురు రంధ్రాన్ని పెద్దదీ చిన్నదీ చేసే ఐరిస్‌కు 9.5 మిల్లీమీటర్ల మర మామూలు. ముందు సైట్‌లో వేసే రింగులు 18 లేదా 22 మిల్లీమీటర్ల కొలతల్లో వస్తాయి. గెమాన్, సెంట్రా, ఎంఈసీ లాంటి వాళ్లు ఇవే చేసి అమ్ముతారు. కాబట్టి సైట్ బాగాలేదని రైఫిల్‌ను వద్దనుకోనక్కర్లేదు, దాన్ని తర్వాత మార్చుకోవచ్చు.

గాలి బయటికి పోకుండా ఆపే లోపలి సీళ్లలో చాలావరకు ఓ-రింగులే, అంటే గుండ్రటి రబ్బరు రింగులే. ఒకసారి గాలి లీకవుతుంటే పాత రింగు పట్టుకుని హైడ్రాలిక్ సీళ్లు అమ్మే కొట్టుకు వెళ్లాను. కంపెనీ పేరు చెప్పబోతే ఆయన ఆపి, "లోపలి వ్యాసమెంత, మందమెంత, అది చెప్పు సామీ. కంపెనీ పేరుతో నాకేం పని?" అన్నాడు. వెర్నియర్‌తో కొలిచి, గట్టిదనం కూడా అడిగి, సరిపోయేది ఇచ్చాడు. అంత ఒత్తిడికి మెత్తటి రబ్బరు నిలవదు, అందుకే గట్టిదనం అడగాలి. కంపెనీ చెప్పిన గ్రీజు తప్ప ఇంట్లో ఉన్న మెషిన్ ఆయిల్ రాయకూడదు, అంత ఒత్తిడి గాలిలో మామూలు నూనె అంటుకునే ప్రమాదం ఉంది. ఎవరైనా ఆక్సిజన్ నింపి ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. ప్రాణం మీదికి వస్తుంది.

ఇక కంపెనీ దగ్గర తప్ప దొరకనివి. సిలిండర్, గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే రెగ్యులేటర్, ప్రతి గుండుకూ గాలి వదిలే ఫైరింగ్ వాల్వ్, ట్రిగ్గర్ మొత్తం. కంపెనీని తప్పుపట్టడం న్యాయం కాదు. పోటీలో కాల్చే 60 గుళ్లకూ ఒకే వేగం రావాలంటే రెగ్యులేటర్, వాల్వ్ ఒకదానికొకటి కుదిరేలా వాళ్లే చేయాలి. అయితే ఈ జాబితా ఎంత పొడుగ్గా ఉంటే మనం అంతగా ఒక్క దారి మీదే ఆధారపడతాం.

ఎలక్ట్రానిక్ మోడల్‌లో ఆ జాబితాకు సర్క్యూట్ బోర్డు కూడా చేరుతుంది. ఆ ట్రిగ్గర్ మా అమ్మాయి ఒకసారి నొక్కి చూసింది. నిజంగా బాగుంది, ఎప్పుడు నొక్కినా ఒకేలా ఉంది. కానీ మెకానికల్ ట్రిగ్గర్‌లో స్ప్రింగ్ అలిసినా, స్క్రూ వదులైనా కోచ్ కూర్చుని సరిచేయగలడు. బోర్డు పోతే తిరుపతిలోనే కాదు, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లినా చేయగలిగింది లేదు. బోర్డు రావాలి, అంతే. అమ్మేవాళ్లను నేను అడిగింది ఒక్కటే: "ఆ బోర్డు ఇప్పుడు మీ దగ్గర స్టాకులో ఉందా?" ఆర్డర్ పెడితే తెప్పిస్తామన్నారు. ఎన్ని రోజులకో చెప్పలేకపోయారు.

గాలి నింపే అడాప్టర్ చిన్న వస్తువే, కానీ టెన్షన్ పెట్టేది అదే. దాని మర కంపెనీని బట్టి మారొచ్చు. రేణిగుంటలో విమానం ఎక్కాలంటే సిలిండర్ ఖాళీ చేయాలి. దిగాక ఆ ఊరి రేంజిలో నింపుకోవాలి. అక్కడి పెద్ద ట్యాంకుకు ఏ అడాప్టర్ బిగించి ఉంటుంది? ఎక్కువమంది వాడేదే. పైగా ట్యాంకులో 150 బార్ మిగిలితే మన సిలిండర్‌లోకి అంతకు మించి ఎక్కదు. ఆలస్యంగా వెళ్లి అడాప్టర్ కోసం వెతుక్కునే పిల్లకు ఆ మిగిలిందే దక్కుతుంది.

మూడో దారి కూడా ఒకటుంది. పక్కన లివర్ లాగి ఒక్క గుండుకు సరిపడా గాలి నింపుకునే పాత రైఫిళ్లు, ఫైన్‌వెర్క్‌బావ్ 600 వరసవి. సిలిండర్ లేదు, గడువు లేదు, అడాప్టర్ లేదు. చిత్తూరులో ఇంకా కంప్రెసర్ లేని చోట నేర్చుకునే పిల్లకు నేను అదే చెప్తాను. కానీ 2018 నుంచి అమ్మాయిలకూ 60 గుళ్లే. గంటా పావులో అన్నిసార్లు లివర్ లాగితే భుజం అలిసిపోతుంది, నిలబడిన భంగిమ ప్రతిసారీ చెదురుతుంది. పెద్ద పోటీలకు వెళ్లే పిల్లకు సరిపోదు.

మేం మెకానికల్‌దే తీసుకున్నాం. మిగిలిన డబ్బుతో అదే రోజు రెండో సిలిండర్, పూర్తి సీళ్ల సెట్టు, ఒక అడాప్టర్, ఒక ట్రిగ్గర్ స్ప్రింగ్ కొన్నాం. సిలిండర్లు రెండూ ఒకే సంవత్సరానివి కాకుండా అడిగి తీసుకున్నాం, రెండింటి గడువూ ఒకేసారి ముగియకూడదని. అమ్మే ఆయనకు ఆ కోరిక వింతగా తోచింది, అయినా వెతికి ఇచ్చాడు.

ఎలక్ట్రానిక్‌ది కొనగలిగేవాళ్లు ఉన్నారు. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో నేషనల్స్ స్థాయి అకాడమీలో ఉండి, అదే మోడల్ పక్కన ఇంకో నలుగురు వాడుతుంటే, బోర్డు అక్కడే స్టాకులో ఉంటే, నేనూ అదే కొనమంటాను. ఆ ట్రిగ్గర్‌ను మా అమ్మాయి ఇప్పటికీ తలుచుకుంటుంది. మా రేంజిలో మాత్రం ఆ మోడల్ ఇంకొకరి దగ్గర కనబడేదాకా ఆగమన్నాను, తనూ సరేనంది.