షానన్ ఒడ్డున యూనివర్సిటీ: లిమరిక్ క్యాంపస్‌కు ఒక తండ్రి వేసిన మార్కులు

పిల్లల్ని ఐర్లండ్ పంపుదామనుకునే మనవాళ్లు కన్సల్టెన్సీ గడప తొక్కగానే అడిగేది డబ్లిన్. మా ఇంట్లోనూ అదే పాట. చివరికి మా అమ్మాయి కోరుకున్న ఏఐ, మెషీన్ లెర్నింగ్ ఎంఎస్సీ సీటు ఐర్లండ్‌లోనే ఇంకో నగరమైన లిమరిక్‌లో, యూనివర్సిటీ ఆఫ్ లిమరిక్‌లో వచ్చింది. ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా వెళ్లి చూసొచ్చాం. రాజమండ్రిలో పాలిటెక్నిక్ పిల్లలకు సివిల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ర్యాంకులూ ప్లేస్‌మెంట్ శాతాలూ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అవి వాళ్లకే వదిలేసి, నేను కళ్లారా చూసిందీ కాళ్లతో తిరిగిందీ రాస్తాను. ముందే చెప్పేస్తున్నా, క్యాంపస్‌కు నూటికి తొంభై అయిదు. ఊళ్లో అద్దె గది వెతుక్కోవడానికి పాస్ మార్కులు కూడా వేయను.

నగరం నడిబొడ్డు నుంచి అయిదు కిలోమీటర్ల అవతల, కాసిల్‌ట్రాయ్ అనే పేటలో ఉంటుంది క్యాంపస్. 304 నంబరు బస్సు లోపలిదాకా వస్తుంది. నేను వెతికింది ప్రహరీ గోడ, గేటు, వాచ్‌మన్, ఐడీ కార్డు అడిగే మనిషి. ఏమీ లేవు. దాదాపు 340 ఎకరాల స్థలం, మధ్యలో షానన్ నది. ఇటు ఒడ్డు లిమరిక్ జిల్లా, అటు ఒడ్డు క్లేర్ జిల్లా. కుక్కల్ని తిప్పుకునే ముసలివాళ్లు, బండిలో పసిపిల్లల్ని తోసుకుంటూ వచ్చే తల్లులు, సైకిళ్ల మీద బడిపిల్లలు, అందరూ విద్యార్థుల మధ్యలోంచే పోతుంటారు. ఎవరు స్టూడెంటో ఎవరు కాదో తెలియదు, అడిగేవాళ్లూ లేరు. మా ఊళ్లో కాలేజీ మైదానంలో పొద్దున్నే వాకింగ్ చేయడానికి ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టుకోవాలి.

ఇక వంతెన. దీన్ని లివింగ్ బ్రిడ్జ్ అంటారు. 2007లో తెరిచారు, పొడవు సుమారు 350 మీటర్లు, కాలినడక వంతెనల్లో ఐర్లండ్ మొత్తానికి ఇదే పొడవైనదని చెబుతారు. కార్లు రావు, వాటికి వేరే వంతెన ఉంది. గోదావరి మీద రోడ్డు కమ్ రైలు వంతెన చూసి పెరిగిన కళ్లకు 350 మీటర్లు ఒక లెక్కా అనుకుంటూనే ఎక్కాను. ఎక్కాక గంట సేపు దిగలేదు. మొదటి సంగతి, అది తిన్నగా ఉండదు. ఒడ్డు నుంచి చూస్తే అవతలి కొస కనపడకుండా వంపు తిరుగుతూ పోతుంది. నది మధ్యలోని చిన్న చిన్న లంకల్నీ చెట్లనీ వీలైనంత కదపకుండా కట్టాలని అలా తిప్పారు. ఆ నదీ భాగం రక్షిత ప్రాంతం మరి. రెండో సంగతి, పైన తీగలూ లేవు, ఆర్చీలూ లేవు. మరి బరువు మోసేదేది? కమ్మీ పట్టుకుని కిందికి వంగితే కనిపించింది. కేబుళ్లు నడకదారి అడుగున ఉన్నాయి. వేలాడే వంతెనలో తలమీద ఉండాల్సినవాటిని కాళ్ల కిందికి దించారు. పైన నడిచేవాడికి ఆకాశమూ నీళ్లూ తప్ప ఇంకేమీ అడ్డం రావు. మొత్తం ఆరు స్పాన్లు, అంటే ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారం దాకా ఉండే భాగాలు. స్తంభాల దగ్గర దారి కొంచెం వెడల్పవుతుంది, అక్కడ నిలబడి మాట్లాడుకోవచ్చు.

పాత అలవాటు కొద్దీ ఒక స్పాన్ మధ్యలో నిలబడి మడమలతో గట్టిగా తొక్కి చూశాను, ఎంత ఊగుతుందోనని. మా ఆవిడ నేనెవరో తెలియనట్టు నాలుగడుగులు పక్కకు జరిగింది. అప్పుడే ఎదురొచ్చిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు తెలుగులో “ఒరేయ్, అంకుల్ మనోడే” అనడం స్పష్టంగా వినపడింది.

వంతెన కింద నది నాకు అనుకున్నదానికంటే పలచగా కనిపించింది. ఐర్లండ్‌లోకెల్లా పొడవైన నది కదా, ఇంత తక్కువ నీళ్లేమిటని ఆరా తీశాను. కారణం ఎగువన ఉంది. పార్టీన్ దగ్గర ఆనకట్ట వేసి, నీళ్లలో ఎక్కువ భాగాన్ని ఒక కాలువలోకి మళ్లించి ఆర్డ్‌నక్రుషా జలవిద్యుత్ కేంద్రానికి పంపుతారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది ఏళ్లకే, 1925లో పని మొదలుపెట్టి 1929లో నడిపించారు. కట్టింది జర్మనీ వాళ్ల సీమెన్స్. ఆ నీళ్లు మళ్లీ నదిలో కలిసేది క్యాంపస్ దాటాకే. పాత నదికి సెకనుకు కనీసం 10 ఘనపు మీటర్లు వదలాలని నియమం. మన లెక్కలో 350 చిల్లర క్యూసెక్కులు. వరదొస్తే మాత్రం మిగులంతా ఇటే వస్తుంది. కొంచెం దిగువన బ్లాక్ బ్రిడ్జ్ అని పాత ఇనుప వంతెన ఒకటుంది, 2009 వరదల తర్వాత దాన్ని మూసేశారు. కాటన్ దొర బ్యారేజీ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, నా దృష్టిలో ఈ నదిగొడవంతా క్యాంపస్ సమీక్షలో భాగమే. మా అమ్మాయి మాత్రం “నాన్నా, ఎనిమిది నెలలుగా ఇక్కడే ఉన్నా, ఇదంతా నాకెందుకు తెలియదు” అంది. సిలబస్‌లో లేదు కాబట్టి.

తెలియనిది ఇంకొకటి కూడా ఉంది. ఈ చోటి పేరు ప్లాసీ. అవును, స్కూల్లో సోషల్ పరీక్షకు బట్టీపట్టిన 1757 నాటి ప్లాసీయే. సిరాజుద్దౌలాను ఓడించిన రాబర్ట్ క్లైవ్‌కు 1762లో ఐర్లండ్ బిరుదు ఇచ్చి, క్లేర్ జిల్లాలో ప్లాసీ బారన్‌ను చేశారు. బెంగాల్ యుద్ధభూమి పేరు అలా ఈ పచ్చిక బయళ్లకు అంటుకుంది. నది పక్కన ప్లాసీ హౌస్ అనే తెల్లటి పాత బంగళా ఉంది, పిల్లలు వైట్ హౌస్ అంటారు. 1972లో ఈ సంస్థ మొదలైంది ఆ ఇంట్లోనే. 1989లో యూనివర్సిటీ హోదా వచ్చింది. ఆ బంగళా ముందు మన అమ్మాయిలు చీరలు కట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. క్లైవ్ చూస్తే ఏమనేవాడో.

భవనాల గురించి పెద్దగా చెప్పను. లైబ్రరీ బాగుంది, పెద్దది, వెలుతురు ధారాళంగా వస్తుంది. స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో 50 మీటర్ల ఈతకొలను ఉంది, ఆ కొలతతో దేశంలో మొదట కట్టింది ఇదే. డబ్బు కడితే ఊరివాళ్లూ ఈదొచ్చు. వెయ్యి మంది పట్టే కచేరీ హాలు క్యాంపస్ లోపలే ఉంది. చక్ ఫీనీ అనే అమెరికన్ దాత పేరు బయటికి రాకుండా ఏళ్ల తరబడి పంపిన డబ్బు చాలా ఇక్కడ ఖర్చయింది. మనవాళ్లు బెంచీ దానం చేసినా దాని మీద తాతగారి పేరుతో సహా చెక్కిస్తారు కాబట్టి ఈ విషయం ప్రత్యేకంగా రాస్తున్నా.

వంతెన దాటి క్లేర్ వైపు వెళ్తే సంగీత నృత్య అకాడమీ వస్తుంది. మధ్యాహ్నం భోజనాల వేళ విద్యార్థులు కచేరీ చేస్తుంటే వెళ్లి కూర్చున్నాం, టికెట్ లేదు. ఒక అమ్మాయి ఫిడేలు వాయించింది. మా ఆవిడ చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకుంది. మనలా కింద కూర్చుని పాదం మీద ఆనించి కాకుండా భుజం మీద పెట్టి అంత వేగంగా వాయించడం చూసి, కచేరీ అయ్యాక ఆ పిల్ల దగ్గరికెళ్లి వేళ్లు పట్టుకుని చూసింది. భాష రాకపోయినా ఇద్దరూ పది నిమిషాలు ఏదో మాట్లాడుకున్నారు.

దారిలో సగం మంది కుర్రాళ్ల చేతుల్లో చెక్క బ్యాట్లు. అట్లకాడను మూడడుగులకు సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. ఆ ఆట పేరు హర్లింగ్, లిమరిక్‌లో మనకు క్రికెట్ ఎంతో అది అంత. వాటికి యాష్ అనే చెట్టు కర్ర వాడతారట. ఆ బ్యాట్లు పుస్తకాల సంచికి దూర్చుకునే క్లాసుకు వెళ్తారు.

ఇప్పుడు విద్యార్థి బతుకు. మా అమ్మాయి ఉంటున్నది క్యాంపస్ బయట, అయిదుగురు కలిసి తీసుకున్న ఇంట్లో. గదికి నెలకు 650 యూరోలు. క్యాంపస్‌లో నది పొడవునా హాస్టల్ ఇళ్లు ఉన్నాయి గానీ అవి అందరికీ దొరకవు. బయట గది కోసం తను పడ్డ తిప్పలు వింటే టెన్షన్ వచ్చింది. ఒక ఇంటి యజమాని సోమవారం నుంచి శుక్రవారం దాకానే ఉండాలి, శనాదివారాలు ఖాళీ చేసి వెళ్లాలి అన్నాడట. దీన్ని అక్కడ డిగ్స్ అంటారు, వారాంతానికి సొంతూరు వెళ్లే ఐరిష్ పిల్లలకు సరిపోతుంది. రాజమండ్రి పిల్ల శనివారం ఎక్కడికి పోతుంది? ఇంకొకాయన వాట్సాప్‌లో ఫొటోలు పంపి, తాళాలు కొరియర్‌లో పంపుతాను, రెండు నెలల అద్దె ముందు వేయమన్నాడు. అది మోసమని తను అక్కడికక్కడే గ్రహించింది కాబట్టి సరిపోయింది.

పని సంగతి కూడా అడుగుతారు. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, మళ్లీ క్రిస్మస్ సెలవుల్లో 40 గంటలు చేయొచ్చు. వెళ్లగానే రెసిడెన్స్ పర్మిట్‌కు 300 యూరోలు కట్టాలి, ఈ ఖర్చు చాలామంది లెక్కలో వేసుకోరు. పార్ట్‌టైమ్ జీతంతో తిండీ బస్సూ గడుస్తాయి, అద్దె పూర్తిగా గడవదు. ఫీజైతే మర్చిపోండి. క్యాంపస్‌ను ఆనుకునే టెక్నాలజీ పార్క్ ఉంది, ఊరి అవతల అనలాగ్ డివైసెస్ అనే చిప్‌ల కంపెనీ ఉంది. కానీ ఉద్యోగం వస్తుందో రాదో ఇక్కడి నుంచి హామీ ఇచ్చే కన్సల్టెంట్‌ను నమ్మకండి.

వెలుతురు విషయం ఎవరూ చెప్పరు. మేమున్నప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకు కూడా ఎండ ఉంది, నది ఒడ్డున పిల్లలు పచ్చిక మీద కూర్చుని పిజ్జాలు తింటున్నారు. అదే డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. మా అమ్మాయి నవంబర్‌లో ఫోన్ చేసినప్పుడల్లా గొంతు నీరసంగా ఎందుకుండేదో అక్కడికెళ్లాకే అర్థమైంది. మీ పిల్లలు ఆ నెలల్లో ఫోన్ చేస్తే మార్కుల గురించి కాసేపు ఆపి వేరే మాట్లాడండి.

చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకు రెండు మాటలు. ఒకరోజు నగరం నుంచి బస్సెక్కకుండా కాలువ గట్టున నడిచి క్యాంపస్‌కు రండి, గంట పైన పడుతుంది, మోకాళ్లు సహకరిస్తే అంతకంటే మంచి దారి లేదు. శనివారం పొద్దున మిల్క్ మార్కెట్ సంత చూడండి. గొడుగు తీసుకెళ్లకండి, వంతెన మీద గాలికి నా గొడుగు తిరగబడి ఊచలు విరిగాయి, టోపీ ఉన్న రెయిన్ జాకెట్ ఒక్కటే పనికొస్తుంది.

పిల్లలకు సర్దేటప్పుడు కుక్కర్ ఇక్కడే కొనండి, అడుగు చదునుగా ఉన్నది చూసి. మా అమ్మాయి ఇంట్లో పొయ్యి కరెంటుది, పైన గాజు పలక. గుండ్రటి అడుగు మూకుడు దాని మీద పెడితే వేడెక్కదు. తాలింపు వేసేముందు కిటికీ తెరిచి, వంటింటి తలుపు మూసేయమనండి. ఎండుమిర్చి పొగకు ఫైర్ అలారం మోగిందంటే ఇంట్లో అయిదుగురూ చలిలో రోడ్డు మీద నిలబడాలి.