తుప్పు పూతకి ఏది మేలు? పొడా, హెయిర్‌స్ప్రేనా, ఆయిల్ రంగులా?

పోయిన నెల బాక్స్‌ఎన్ వ్యాగన్ మోడల్ ఒకటి పూర్తి చేశాను. అసలుది బొగ్గు మోసే, పైకప్పు లేని గూడ్సు రైలు బండి. 1:87 కొలతలో, అంటే అసలు దాంట్లో 87వ వంతుగా చేస్తే, అర జానెడు ఉంటుంది. చూసినవాళ్లంతా తుప్పు దేనితో పెట్టావనే అడుగుతున్నారు. కాచిగూడలో 1:35 కొలతలో యుద్ధ ట్యాంకుల మోడళ్లు చేసే తమ్ముడొకడు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. “అన్నా, హెయిర్‌స్ప్రే కొనాల్నా, పిగ్మెంట్ పొడి కొనాల్నా? పైసలు ఒక్కదానికే ఉన్నయి” అంటాడు. ఫోన్లో చెప్పింది వాడికి ఆనలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను. ప్రైమర్ (అడుగుపూత) వేయడం, వాష్ (బాగా పల్చటి రంగు) కలపడం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

నా మటుకు ఈ విషయం తేల్చేది గింజ, అంటే రేణువు సైజు. మనం వాడే పదార్థం నిజం తుప్పుకి ఎంత దగ్గర అన్నది తర్వాత మాట. దాని రేణువుని మన స్కేలుతో గుణిస్తే ఎంతవుతుందో ముందు చూడాలి. వేళ్ల మధ్య నలిపితే తగిలీ తగలనంత సన్నని రేణువు, 0.1 మి.మీ. అనుకుందాం. 1:35 ట్యాంకు మీద అది మూడున్నర మిల్లీమీటర్ల పెచ్చు. 1:72 విమానం మీద 7.2, నా వ్యాగన్ మీద 8.7 మి.మీ. అంటే అసలు బండి పక్కన నిలబడితే శనగగింజంత కంకర దాని ఒంటికి అతుక్కుని కనిపించాలన్నమాట. అలాంటి తుప్పు ఏ బండికీ ఉండదు.

ఇంకో లెక్క కూడా ఉంది. మోడల్‌ని మనం అడుగు దూరం నుంచి చూస్తాం. 1:87లో ఆ అడుగు అసలు బండికి 26 మీటర్ల దూరంతో సమానం. అంత దూరం నుంచి తుప్పు గరుకుతనం ఎవరి కంటికీ ఆనదు, రంగు మరకలే ఆనుతాయి. 1:35కి అదే పదిన్నర మీటర్లు. అప్పుడు కూడా రంగుదే పెద్దపీట, పెచ్చులూడిన అంచులు మాత్రం కాస్త తెలుస్తాయి. 1:12 బైకు దగ్గరికొస్తే మూడున్నర మీటర్లే, అక్కడ గరుకుతనం ఉండాల్సిందే.

ఈ లెక్క వేయకముందు నేనూ నిజం తుప్పు వెంట పడ్డాను. మా మేనమామకి బాలానగర్‌లో వెల్డింగ్ షెడ్డు ఉంది. గ్రైండర్ కింద రాలిన ఇనుప రజను అయస్కాంతంతో ఏరుకొచ్చి, మోడల్‌కి జిగురు పూసి చల్లి, ఉప్పు కలిపిన వెనిగర్‌తో తడిపాను. రెండు రోజుల్లో అసలు సిసలు తుప్పు వచ్చింది. రసాయనంగా చూస్తే అంతకంటే నిజమైనది లేదు. చూడ్డానికి మాత్రం వ్యాగన్ మీద బొంబాయి రవ్వ చల్లినట్టుంది. పైగా మిగిలిపోయిన ఉప్పు వానాకాలం గాలిలో తేమని పీల్చుకుంటూనే ఉంది, పక్కనున్న తెల్ల అంకెల మీదకి మరక పాకింది. ఆ బండిని మళ్లీ మొదటినుంచీ చేయాల్సి వచ్చింది. గరుకుతనం కోసం రంగులో వంటసోడా కలపడం, ఉప్పుగల్లు అతికించి రంగు కొట్టాక రాల్చేయడం, ఈ పద్ధతులదీ ఇదే కథ. పెద్ద స్కేలు చేసేవాళ్లకి పనికొస్తాయి, మిగతావాళ్లు వదిలేయండి.

పిగ్మెంట్ పొడి, అంటే జేగురు లాంటి పొడి రంగు, వీటికంటే చాలా మెత్తన. తుప్పూ జేగురూ రెండూ ఇనుము ఆక్సైడ్లే కాబట్టి రంగు దానంతటదే కుదురుతుంది. మూలల్లో, చక్రాల వెనక, చాసిస్ (బండి అడుగు చట్రం) కింద, అంటే చెయ్యి తగలని చోట పొడిని మించింది లేదు. ఇబ్బంది దాన్ని నిలబెట్టడంలో. ఊరికే వదిలేస్తే వేలికి అంటుకుని వచ్చేస్తుంది. వార్నిష్ కొడితే తడిసి ముదురు రంగుకి తిరిగి సగం మాయమవుతుంది. పొడి వేశాక దాని అంచున థిన్నర్ (రంగుని పల్చన చేసే టర్పెంటైన్ లాంటి ద్రవం) చుక్క పెట్టి పీల్చుకోనివ్వడం కొంత నయం. అందుకే పొడితో చివరి రెండు మూడు చోట్లు ముగిస్తాను తప్ప మొత్తం బండి దాని మీద వదిలిపెట్టను.

హెయిర్‌స్ప్రే సంగతి వేరు, దానికి నేను ఎప్పుడూ గౌరవం ఇస్తాను. కింద తుప్పు రంగు, దాని మీద వార్నిష్, ఆపైన రెండు పూతలు హెయిర్‌స్ప్రే, దాని మీద అక్రిలిక్ (నీళ్లతో కలిసే రకం) అసలు రంగు. ఆరాక నీళ్లతో తడిపి గట్టి బ్రష్‌తో రుద్దితే పైపూత పెచ్చులుగా లేచిపోతుంది. చేత్తో గీసిన పెచ్చు ఎంత బాగా గీసినా గీసినట్టే తెలుస్తుంది. ఇందులో లేచే పెచ్చుకి ఎవరి చేతివాటమూ ఉండదు, అదే దీని అందం. చాలామంది టామియా కంపెనీ అక్రిలిక్‌ని నీళ్లతో పల్చన చేసి వాడతారు, అది సులువుగా లేస్తుంది. వలేహో కంపెనీ రంగు పూత సాగే గుణం వల్ల కొంచెం పొరలుగా వస్తుంది.

కానీ ఇక్కడా గింజ లెక్క వదలదు. మన పైపూత 0.03 మి.మీ. మందమే అనుకున్నా 1:35లో అది మిల్లీమీటరు దాటుతుంది, 1:87లో రెండున్నర దాటుతుంది. చిన్న స్కేల్లో పెచ్చు అంచు అట్టముక్కలా లేచి కనిపించేది అందుకే. ఇంకోటి, మన ఊరి వాతావరణం. మే నెలలో పైపూత ఇట్టే బిగుసుకుంటుంది, సాయంత్రం తడుపుదామని పొద్దున వేసి వదిలేస్తే మొండికేస్తుంది. గంట రెండు గంటల్లో రుద్దేయాలి. జులై, ఆగస్టుల్లో కింది పొర జిగటగానే ఉండిపోయి, రుద్దితే అనుకున్నదానికంటే పెద్ద పెచ్చు ఊడొస్తుంది. ఊడింది మళ్లీ అతకదు.

ఆ అతకకపోవడమే నన్ను ఆయిల్ రంగుల వైపు తిప్పింది. ఆర్టిస్టులు కాన్వాస్ మీద వాడే ట్యూబులే ఇవి. కోఠిలో, ఆబిడ్స్‌లో ఆర్ట్ సామాన్ల దుకాణంలో కామెల్ ట్యూబులు దొరుకుతాయి. నాకు మూడే కావాలి: బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ), బర్న్‌ట్ సియన్నా (ఎర్ర గోధుమ), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు). ఒక్కో ట్యూబు ఏళ్ల తరబడి వస్తుంది. వాడే ముందు అట్టముక్క మీద బొట్లు పెట్టి గంటసేపు వదిలేయండి. అట్ట నూనెని పీల్చుకుంటే రంగు మెరవకుండా ఆరుతుంది. ఆయిల్ రంగు ఆరదని భయపడేవాళ్లకి ఒక మాట. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది, అది నూనెని తొందరగా గట్టిపరుస్తుంది.

పని ఇలా సాగుతుంది. సన్న బ్రష్‌తో సూదిమొనంత చుక్క పెట్టి, థిన్నర్‌లో ముంచి దాదాపు ఆరగా తుడిచిన చదును బ్రష్‌తో కిందికి లాగుతాను. చుక్క మరకవుతుంది, మరక చారవుతుంది. ఎక్కువైతే తుడిచేస్తాను. నచ్చకపోతే అరగంట తర్వాత కూడా తీసేయొచ్చు, మర్నాడు పొద్దున వెలుతురులో చూసి ఇంకొంచెం వేయొచ్చు. ఇందులో గింజ అన్నదే లేదు, ఏ స్కేల్లో వేసినా రంగు రంగుగానే ఉంటుంది. తొందరపెట్టని మాధ్యమం కాబట్టి అసలు బండిని గుర్తుచేసుకుంటూ వేయడానికి వ్యవధి దొరుకుతుంది.

గుర్తుచేసుకోవడం అన్నాను కదా, వ్యాగన్ విషయంలో కష్టమంతా అక్కడే. దాని పెయింటే రెడాక్సైడ్ ఛాయలో ఉంటుంది. తుప్పు రంగు బండి మీద తుప్పు చూపించాలి. లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ వెళ్లే ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, సనత్‌నగర్ దగ్గర ఆగి ఉన్న గూడ్సులని ఎన్నిసార్లు చూశానో. పెయింటు ఎర్రగా, దుమ్ము పట్టి పాలిపోయి ఉంటుంది. పాత తుప్పు దానికంటే నల్లగా, మందంగా కనిపిస్తుంది. నారింజ రంగు ఈమధ్య గీసుకుపోయిన చోటే, అదీ వేలెడంత. మోడళ్ల మీద మనం చేసే పెద్ద పొరపాటు ఇదే, నారింజ రంగు గుమ్మరించేస్తాం. నేను ముందు అంబర్ వేస్తాను, దాని నడుమ సియన్నా, ఆకర్ మాత్రం ఒకటి రెండు చుక్కలు. కొత్త బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ బండ్లది స్టెయిన్‌లెస్ స్టీలు ఒళ్లు. వాటికి పాత వ్యాగన్ లాగా తుప్పు పెడితే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఎక్కడ పెట్టాలన్నది మామ ఒక్క మాటలో చెప్పాడు. “నీళ్లు పడితే తినయి బిడ్డా, నిలిస్తే తింటయి.” అప్పటినుంచి బ్రష్ పట్టేముందు బండి మీద నీళ్లు పోస్తే ఎక్కడ ఆగుతాయో చూసుకుంటాను. తలుపు అడుగు అంచు, నిలువు కమ్మీ చాసిస్‌ని తాకే మూల, వెల్డింగ్ గీత పైభాగం. చుక్కలు అక్కడే మొదలవ్వాలి.

ఆయిల్‌కీ ఒక జాగ్రత్త ఉంది. అక్రిలిక్ రంగు మీద భయం లేదు. ఇంట్లో తలుపులకి వేసే ఎనామెల్ లాంటిది వాడి ఉంటే టర్పెంటైన్ దాన్ని కరిగించొచ్చు. పూత లేని ప్లాస్టిక్ అతుకుల్లోకి థిన్నర్ దిగితే సన్న భాగాలు పగిలిపోతాయి కూడా. ముందు వార్నిష్ ఒక పూత తప్పనిసరి.

మిగిలినవి రెండు. స్పాంజి అద్దకం చవక, ట్యాంకు అంచులకి సరిపోతుంది, చిన్న స్కేలుకి మోటు. రెడీమేడ్ తుప్పు సీసాలు ఒకే ఛాయలో వస్తాయి, తొందర పని ఉంటే తెచ్చుకోండి.

కాచిగూడ తమ్ముడికి చివరికి చెప్పిందేమిటంటే, ఉన్న పైసలతో మూడు ట్యూబులూ థిన్నరూ కొనమని. హెయిర్‌స్ప్రే వాళ్ల అక్క దగ్గర ఉందట, 1:35 కాబట్టి ఫెండర్ల (ట్యాంకు పక్క రేకుల) మీద పెచ్చులకి అది వాడుకుని, మీద ఆయిల్‌తో చారలు లాగమన్నాను. ముందు ప్లాస్టిక్ చెంచా వెనక ప్రయత్నించమన్నాను కూడా. నిన్న ఫొటో పంపాడు. పెచ్చులు బాగా వచ్చాయి, నారింజ ఇంకా ఎక్కువే. రేపు తుడిచేస్తానన్నాడు. మ్యాట్ వార్నిష్ మాత్రం ఈ ముసురు వెలిసేదాకా కొట్టొద్దని చెప్పాను. తేమలో కొడితే తెల్లగా బూజు పట్టినట్టవుతుంది, వేసిన తుప్పంతా దాని కిందికి పోతుంది.