ఆప్ట్ పిన్నింగ్: నాలుగేళ్లు వాడాక

విశాఖ ద్వారకానగర్‌లోని మా చిన్న ఆఫీసులో ఉన్న డెబియన్ (ఒక రకం లినక్స్) నడిచే ఆరు కంప్యూటర్ల మంచిచెడ్డలు 2021 నుంచి నేనే చూసుకుంటున్నాను. డెబియన్‌లో ప్రోగ్రాంలను ఇన్‌స్టాల్ చేసేదీ, అప్‌గ్రేడ్ చేసేదీ ఆప్ట్. అందువల్ల ఏ రిపాజిటరీ (ప్రోగ్రాంల భాండారం) నుంచి ఏ వెర్షన్ రావాలో నిర్ణయించే ఆప్ట్ పిన్నింగ్‌తో నాకు పరిచయం పాతదే.

దాని అవసరం తెలిసివచ్చింది మాత్రం ఒక డేటాబేస్ కోసం బయటి రిపాజిటరీని చేర్చుకున్నప్పుడు. మామూలు రిపాజిటరీలన్నిటికీ ఆప్ట్ ఇచ్చే ప్రాధాన్యం 500. ప్రాధాన్యం సమానమైతే పెద్ద వెర్షన్‌దే గెలుపు. మాకు కావలసింది ఒక్క ప్యాకేజీయే అయినా, తర్వాతి అప్‌గ్రేడ్‌లో ఆ రిపాజిటరీ మిగతా ప్రోగ్రాంలు ఆధారపడే మా లైబ్రరీలు కొన్నిటినీ మార్చేయడంతో మర్నాడు పొద్దున బిల్లింగ్ ప్రోగ్రాం తెరుచుకోలేదు. ఆ మధ్యాహ్నమే ఒక పిన్ ఫైలులో ప్రాధాన్యాలు చెప్పే రెండు రికార్డులు రాశాను: ఆ రిపాజిటరీ మొత్తానికి 1, డేటాబేస్ ప్యాకేజీకి మాత్రం 500. పేరు పెట్టి రాసిన రికార్డు, నక్షత్రం గుర్తుతో అన్నిటికీ రాసినదాని కంటే ముందు చెల్లుతుంది కనుక ఆ బెడద మళ్లీ రాలేదు.

అయితే మొదటిసారి ఆ ఫైలుకు '.టీఎక్స్‌టీ' అని తోక తగిలించాను. పిన్ ఫైళ్లుండే ప్రిఫరెన్సెస్.డి డైరెక్టరీలో తోక లేని ఫైళ్లూ, '.ప్రెఫ్' తోక ఉన్నవీ మాత్రమే చెల్లుతాయి. నా ఫైలును పక్కనపెట్టినట్టు ఆప్ట్ ఒక వరుసలో చెప్పనే చెప్పింది, నేనే చూసుకోలేదు.

స్థిరమైన డెబియన్‌కు కొత్త వెర్షన్లు అందించే బ్యాక్‌పోర్ట్స్ రిపాజిటరీకి పిన్ రాయవలసిన పనే పడలేదు. అది 100తోనే వస్తుంది, అడిగితేనే ఇస్తుంది, ఇచ్చినదానికి అప్‌డేట్లు కూడా తెస్తుంది.

నేను భయపడేది 1000 దాటిన సంఖ్యలకు. మారిపోయిన లైబ్రరీల్లో ఒకదాన్ని వెనక్కి దించడానికి పాత వెర్షన్‌కు 1001 ఇచ్చాను. పని జరిగింది, పిన్ తీసేయడం మరిచాను. నెలల తరబడి ఆ లైబ్రరీకి భద్రతా సవరణ ఒక్కటీ అందలేదు, అప్‌గ్రేడ్ నడిపిన ప్రతిసారీ కంప్యూటర్ మాత్రం అంతా సవ్యంగానే ఉందన్నట్టు ముగించేది. ఒకరోజు వేరే పనిమీద, వెర్షన్లనూ వాటి ప్రాధాన్యాలనూ చూపే 'ఆప్ట్-కాష్ పాలసీ' ఆదేశం కొడితే, ఇన్‌స్టాల్ అయి ఉన్నదని మూడు నక్షత్రాలతో గుర్తు పెట్టిన పాత వెర్షన్ పక్కన 1001, దాని పైవరుసలో సెక్యూరిటీ రిపాజిటరీ ఇస్తున్న కొత్త వెర్షన్ పక్కన 500 కనిపించాయి. ఈ ఆదేశం లేకపోతే పిన్నింగ్‌ను ఎవరికీ సిఫారసు చేసేవాణ్ని కాను.

ఇప్పుడు ప్రతి రికార్డులోనూ 'ఎక్స్‌ప్లనేషన్' వరుసలో కారణమూ తేదీ రాసిపెడుతున్నాను. ఆప్ట్ ఆ వరుసను పట్టించుకోదు, అది నాకోసం.