నురగ పొంగే టాయిలెట్ పౌడర్: బోరు నీళ్ల ఇళ్లలో ఎంతవరకు పనికొస్తుంది?

కమోడ్‌లో పోయగానే నురగ పొంగి, దానంతట అదే శుభ్రం చేస్తుందని చెప్పి అమ్ముతున్న పౌడర్లు ఇప్పుడు ఒంగోలు, కావలి సూపర్ మార్కెట్లలోనూ కనిపిస్తున్నాయి. రోజువారీ మురికికీ వాసనకూ ఇవి బాగానే పనిచేస్తాయి గానీ, కందుకూరు, కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు వాడే ఇళ్లలో పింగాణీకి అంటుకుపోయే తెల్లటి గారను మాత్రం కదిలించలేవు. 2022లో కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడూ, ఆ తర్వాతా మా బోరు నీళ్లలోని సున్నం తగ్గలేదు కాబట్టి, ఈ సమీక్షలో ఆ గార గురించే ఎక్కువగా రాయవలసి వస్తోంది.

ఇలాంటి పౌడర్లలో సాధారణంగా వంట సోడా లాంటి సోడా పొడి, సిట్రిక్ ఆమ్లం, సబ్బులాంటి నురగ పదార్థం, మరకలను తెల్లబరిచే సోడియం పెర్‌కార్బొనేట్ ఉంటాయి. సిట్రిక్ ఆమ్లమంటే కిరాణా కొట్లలో మనం అడిగి తెచ్చుకునే నిమ్మ ఉప్పే. నీళ్లు తగలగానే సోడా, ఆమ్లం ఒకదానితో ఒకటి కలిసి, గోలీ సోడా కొట్టినప్పుడు పొంగే గ్యాసే ఇక్కడా పుట్టి, సబ్బు నురగను పైకి లేపుతుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే గారను కరిగించవలసిన ఆమ్లంలో చాలా భాగం ఆ పొంగు కోసమే ఖర్చయిపోతుంది. మిగిలిన కొద్దిపాటి ఆమ్లం నీళ్లలో పలచబడి, ఏళ్ల తరబడి పేరుకున్న సున్నపు పొరను ఏమీ చేయలేకపోతుంది. ద్రవరూపంలో దొరికే యాసిడ్ క్లీనర్లు గారను తొందరగా వదిలించడానికి కారణం వాటిలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని ఘాటుకు ముక్కు మండటం, టైల్స్ మధ్య సిమెంటు తినేయడం, స్టీలు కుళాయిలు మచ్చలు పడటం వేరే సంగతి.

వాడకంలో నాకు నచ్చిన విషయం ఏమిటంటే, నురగ గిన్నె గోడలన్నింటికీ పట్టుకుని, పాచినీ పసుపు మరకలనూ మెత్తబరుస్తుంది. అరగంట ఆగి బ్రష్షుతో ఒకసారి తిప్పితే సరిపోతుంది. గోరువెచ్చని నీళ్లు కలిపితే పెర్‌కార్బొనేట్ ఇంకా చురుకుగా పనిచేస్తుంది. అంచు కింద నీళ్లు దూకే చిన్న రంధ్రాల దాకా నురగ చేరినా అక్కడ ఎక్కువసేపు నిలవదు, ఆ రంధ్రాలను మూసేసేదేమో గారే కాబట్టి, ఫ్లష్ ధార సన్నగిల్లిన ఇంట్లో ఈ పౌడర్ కొని ప్రయోజనం లేదు. అలాంటి చోట బ్రష్షుతో కమోడ్‌లోని నీటిని లోపలికి నెట్టి మట్టం తగ్గించి, విడిగా కొన్న నిమ్మ ఉప్పును వేడి నీళ్లలో చిక్కగా కలిపి, పాత గుడ్డను అందులో తడిపి అంచుకు అంటించి రాత్రంతా ఉంచడం మేలు. ఖర్చూ తక్కువే.

ఇండియన్ సీటు ఉన్న ఇళ్లకు ఈ పౌడర్ దాదాపు దండగ. దాని అడుగు వాలుగా, దాదాపు చదునుగా ఉండి నీళ్లు గొట్టం దగ్గర మాత్రమే నిలుస్తాయి కనుక, నురగ అక్కడే పొంగి అక్కడే దిగిపోతుంది, పాదాలు పెట్టే చోటి మరకల దాకా రానే రాదు. తడిపి పైన చల్లితే కొంత పనిచేస్తుంది గానీ, అందుకు నురగ రూపంలో నేరుగా వచ్చే స్ప్రే నయం. మన ప్రాంతంలో ఇండియన్ సీటున్న ఇళ్లు ఇంకా చాలా ఉండగా, ప్యాకెట్ల మీద కమోడ్ బొమ్మ తప్ప మరొకటి కనిపించకపోవడం విచిత్రమే.

నిల్వ విషయంలోనూ జాగ్రత్త కావాలి. అక్టోబరు, నవంబరు వానల్లో, అందులోనూ సింగరాయకొండ వంటి తీర ప్రాంతాల్లో, మూత సరిగా పెట్టకపోతే పౌడర్ తేమ పీల్చి గడ్డకట్టి, తర్వాత పొంగడం మానేస్తుంది. దీన్ని ముందే నీళ్లలో కలిపి సీసాలో బిగించి పెట్టకూడదు, గ్యాస్ ఒత్తిడికి సీసా పగలవచ్చు. బ్లీచింగ్ పౌడర్ చల్లిన కమోడ్‌లో ఇదిగానీ, యాసిడ్ గానీ పోయకూడదు. ఆమ్లం తగిలితే బ్లీచింగ్ నుంచి క్లోరిన్ వాయువు వెలువడుతుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రమాదకరం.

మునిసిపల్ నీళ్లు వాడుతూ కమోడ్ ఉన్న ఇంటివారు, ముఖ్యంగా యాసిడ్ వాసన పడనివారు, దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. బోరు మీదే ఆధారపడినవారు ముందు గార వదిలించుకుని, ఆ తర్వాత వారానికోసారి వాడుకోవడానికి చిన్న ప్యాకెట్ తెచ్చుకుంటే చాలు.