పేరు లేని డబ్బాలో వచ్చే క్లోరిన్ బిళ్లలు కొనకండి: తిరుపతి చుట్టుపక్కల పూల్ ఉన్నవారికి హెచ్చరిక

తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట వైపు ఇంట్లో గానీ తోటలో గానీ స్విమ్మింగ్ పూల్ ఉన్నవారికి ఈ మాట. నెలవారీ నిర్వహణ పేరుతో లేబులు లేని తెల్ల డబ్బాలో క్లోరిన్ బిళ్లలు తెచ్చిచ్చే వారి దగ్గర కొనకండి. బజారు ధర కంటే తక్కువకే ఇస్తారు, ఇంటికే తెస్తారు, మొదట్లో నీళ్లు తేటగానే ఉంటాయి. అసలు రంగు ఎండలు ముదిరాక బయటపడుతుంది.

మాది చంద్రగిరి దగ్గర, 40,000 లీటర్ల పూల్. వాళ్లిచ్చిన చీటీలో ‘పూల్ కెమికల్స్’ అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు. డబ్బాలో ఏముందని అడిగితే ‘క్లోరినే మేడమ్, ఫారిన్ సరుకు’ అన్నారు. వేసవి వచ్చేసరికి నీళ్లు పచ్చబడ్డాయి, గోడకు చేయి ఆనిస్తే జారుడు. వాళ్ల కిట్‌లో చుక్కలు వేస్తే మాత్రం గొట్టం చక్కగా పసుపు రంగుకు తిరుగుతోంది, అంటే క్లోరిన్ ఉన్నట్టే. ‘మీ బోరు నీళ్లదే తప్పు’ అని తేల్చేసి నాచు మందు ఒక సీసా, అది పనిచేయకపోతే మైలుతుత్తం అంటగట్టారు. బోరు నీటిలో కాఠిన్యం ఎక్కువైతే టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది గానీ నాచు పుట్టదు. ఇది వాళ్లకు తెలియదనుకోను.

ఆ బిళ్లలు టీసీసీఏ, అంటే ట్రైక్లోరోఐసోసైనూరిక్ యాసిడ్. సరుకు చెడ్డదేమీ కాదు. కాకపోతే అందులోంచి క్లోరిన్‌తో పాటు సైనూరిక్ యాసిడ్ కూడా నీళ్లలోకి దిగుతుంది. ఎండకు క్లోరిన్ నశించిపోకుండా కాపాడేది అదే, కాబట్టి 30 నుంచి 50 పీపీఎం (లీటరు నీటికి అన్ని మిల్లీగ్రాములు) వరకు మన ఎండల్లో అవసరం కూడా. చిక్కంతా ఎక్కడంటే, క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది అలాగే మిగిలిపోతుంది. ఆవిరి కాదు, ఫిల్టరులో ఆగదు. 200 గ్రాముల బిళ్లలు ఐదు, అంటే కిలో, మా పూల్‌లో కరిగితే సుమారు 14 పీపీఎం పెరుగుతుంది. వారానికి నాలుగేసి వేస్తూ పోతే రెండు నెలలకే 80 దాటుతుంది. అది పెరిగేకొద్దీ క్లోరిన్ ఉన్నా దాని పదును తగ్గిపోతుంది. సైనూరిక్ యాసిడ్ అంకెలో కనీసం 7.5 శాతం క్లోరిన్ ఉంటేనే నాచు అదుపులో ఉంటుందన్నది వాడుకలో ఉన్న లెక్క. 40 ఉన్నచోట 3 పీపీఎం క్లోరిన్ చాలు. 150 ఉంటే 11 పైన కావాలి. కిట్‌లో 3 చూసి సంతోషపడితే లాభం లేదు.

పైగా ఆ పసుపు చుక్కల కిట్ పనిచేసే క్లోరిన్‌కు, చెమటతో కలిసి నిర్వీర్యమైన క్లోరిన్‌కు తేడా చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ కొనుక్కోండి. సైనూరిక్ యాసిడ్ పరీక్ష విడిగా ఉంటుంది. పూల్ నీళ్లలో ఆ పరీక్ష ద్రావణం కలిపితే పాలలా తెల్లబడుతుంది. ఆ నీటిని అడుగున నల్ల చుక్క ఉన్న గొట్టంలో మెల్లగా పోస్తూ పైనుంచి చూడాలి, చుక్క మాయమైన చోట ఉన్న గీతే అంకె. మా నీళ్లు కాస్త పోశానో లేదో, 100 గీతకు చేరకముందే చుక్క కనబడకుండా పోయింది. అంతే పరిమాణంలో తాగేనీళ్లు కలిపి మళ్లీ చేస్తే 80 వచ్చింది. రెట్టింపు చేసుకుంటే 160!

టీసీసీఏకు ఆమ్ల గుణం ఉంది కాబట్టి పీహెచ్ కూడా 7.2 కంటే దిగువకు జారి, టైల్స్ మధ్య సిమెంటు గరుకుగా లేచింది. పీహెచ్‌ను వంటసోడాతో సర్దుకున్నాం.

ఇంతకంటే నాకు కోపం తెప్పించింది వేరే ఉంది. నీళ్లు పచ్చబడ్డాక మరో డబ్బా వచ్చింది, దానికీ లేబులు లేదు. వాళ్ల పని కుర్రాడు బిళ్లల పొడి అంటుకున్న తడి మగ్గుతోనే అందులోది తీయబోయాడు. మూత తెరవగానే వచ్చిన ఘాటుకు అది బ్లీచింగ్ పౌడరని పోల్చుకుని కేక వేసి ఆపాను. ఈ రెండూ కలిస్తే వేడెక్కి విషవాయువు వస్తుంది, మంటలు లేస్తాయి, పేలనూవచ్చు. పాపం ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. చేతికి తొడుగులు కూడా లేవు.

ఆ బిళ్లలు అమ్మే యజమానికి ఫోన్ చేసి డబ్బు వెనక్కి ఇమ్మంటే, ‘మొత్తం ఖాళీ చేయండి మేడమ్, ట్యాంకర్లు కూడా మేమే పంపిస్తాం’ అన్నాడు. ఎండాకాలం వస్తే తిరుపతికి నీళ్లిచ్చే కల్యాణి డ్యామ్‌లో నీళ్లెన్ని ఉన్నాయో పేపర్లో వెతుక్కునే ఊళ్లో ఈ సలహా! అప్పుడు గానీ వ్యాపారం పూర్తిగా అర్థం కాలేదు.

సైనూరిక్ యాసిడ్ తగ్గాలంటే నీళ్లు మార్చడమే మామూలు దారన్నది నిజమే, కానీ ఒక్కసారే అంతా తీయనక్కరలేదు. సగం తీసి నింపితే అంకె సగమవుతుంది, ఇంకోసారి చేస్తే నాలుగో వంతుకు వస్తుంది. మేము వేరే వారి ట్యాంకర్లతో అలాగే చేసి, ఇప్పుడు రోజువారీకి ద్రవ క్లోరిన్, అంటే సోడియం హైపోక్లోరైట్ వాడుతున్నాం. ఎండ తగిలితే దాని బలం పోతుంది, అందుకని కొద్దికొద్దిగా కొని నీడలో ఉంచుతున్నాం.

వానాకాలంలో ఎవరైనా పూల్ ఖాళీ చేయమంటే అసలు ఒప్పుకోకండి. నవంబరు వానలకు భూగర్భజలం పైకి వస్తే కింది ఒత్తిడికి ఖాళీ పూల్ అడుగు పగిలే ప్రమాదం ఉంది. ఫైబర్ తొట్టి అయితే ఏకంగా పైకి తేలుతుంది, ఆ నష్టం ముందు మా బిల్లు ఎంత.