రియాద్ మెట్రో రివ్యూ: ఒక్కదాన్నే వెళ్ళొచ్చా అని అడిగే మన ఆడవాళ్ళ కోసం

డిపెండెంట్ వీసా (భర్త ఉద్యోగం మీద వచ్చే వీసా) మీద సౌదీ రాజధాని రియాద్ రాబోతున్న మన తెలుగు ఆడవాళ్ళు మెట్రో ఎలా ఉంది, మా ఆయన లేకుండా ఒక్కదాన్నే ఎక్కొచ్చా అని అడుగుతూనే ఉన్నారు, విడివిడిగా చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా. ఎక్కొచ్చు. నిక్షేపంగా ఎక్కొచ్చు, నీతో ఎవరొచ్చారు అని అడిగేవాళ్ళు లేరు.

2024 డిసెంబర్ 1న మొదలైంది ఈ మెట్రో, 2025 జనవరి 5 కల్లా ఆరు లైన్లూ తెరిచేశారు, మొత్తం 176 కిలోమీటర్లు, అన్నీ డ్రైవర్ లేని రైళ్ళే. టికెట్ 4 రియాల్, అంటే మన లెక్కలో సుమారు వంద రూపాయలు, రెండు గంటల పాటు ఎన్ని లైన్లు మారినా అదే టికెట్. నెల పాస్ 140 రియాల్. దర్బ్ అనే యాప్‌లో కొనుక్కోవచ్చు, లేదంటే కార్డు తీసుకోవచ్చు. పాత బజారు ప్రాంతం బత్హాకి బ్లూ లైన్ వెళ్తుంది, అది చాలు నాకు, ఎందుకంటే కరివేపాకు, గోంగూర, ఇడ్లీ రవ్వ అన్నీ అక్కడే. ఎయిర్‌పోర్టుకి ఎల్లో లైన్. స్టేషన్లు అద్దంలా ఉంటాయి, ప్లాట్‌ఫామ్ మీద గాజు తలుపులు, అనౌన్స్‌మెంట్లు అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ వస్తాయి, దారి తప్పే ప్రసక్తే లేదు.

రైల్లో మూడు భాగాలు ఉంటాయి, ఫస్ట్ క్లాస్, ఫ్యామిలీ, సింగిల్స్. ఆడవాళ్ళు, పిల్లలు, కుటుంబంతో వచ్చినవాళ్ళు ఫ్యామిలీలో, ఒంటరి మగవాళ్ళు సింగిల్స్‌లో. ఇది చూడగానే ఇండియాలో ఉన్న మావాళ్ళు "అయ్యో ఇంకా విడివిడిగానేనా" అంటారు, కానీ ముంబై లోకల్‌లో లేడీస్ డబ్బాలు లేవా, ఢిల్లీ మెట్రోలో మొదటి కోచ్ ఆడవాళ్ళది కాదా. మన సిటీ బస్సులో బ్యాగుని గుండెలకి అడ్డం పెట్టుకుని, మోచెయ్యి బయటికి పెట్టి నిలబడటం నాకు ఇంటర్ చదివే రోజుల నుంచి అలవాటు, రాజ్యాంగంలో సమానత్వం ఉన్న దేశంలోనే. ఇక్కడ ఫ్యామిలీ కోచ్‌లో ఆ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. కాబట్టి విడి కోచ్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఒక దేశంలో ఆడవాళ్ళ పరిస్థితి తేల్చెయ్యకండి. ఇంట్లోంచి బయటికి వెళ్ళడానికి ఆమె ఎవరి పర్మిషన్ అడగాలి, ఆ పర్మిషన్ ఇవ్వకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళి పోట్లాడగలదు, అది చూడండి.

నేను మొదటిసారి వచ్చినప్పుడు ఇక్కడ ఆడవాళ్ళు కారు నడపకూడదు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఫ్లాట్‌లో కూర్చోవడమే, పాపకి జ్వరమొచ్చినా ఆయనకి ఫోన్ చేసి ఎవరో తెలిసిన డ్రైవర్ని పంపించమనడమే. మన కరీంనగర్, నిజామాబాద్, కడప వైపు నుంచి ఎంతమంది హౌస్ డ్రైవర్ వీసా మీద వచ్చారో మీకూ తెలుసు, ఆ ఉద్యోగాల్లో చాలా భాగం ఆ ఇంటి ఆడవాళ్ళకి స్టీరింగ్ ఇవ్వకపోవడం వల్ల పుట్టినవే. 1990 నవంబర్ 6న ఇదే రియాద్ రోడ్ల మీద 47 మంది ఆడవాళ్ళు కార్లేసుకుని తిరిగారు, ఆపేశారు, పాస్‌పోర్టులు లాక్కున్నారు, కొందరికి ఉద్యోగాలు పోయాయి. చివరికి 2018 జూన్ 24న అనుమతి అమల్లోకి వచ్చింది. సరిగ్గా దానికి ముందు నెలలోనే, ఇన్నేళ్ళుగా ఈ హక్కు అడుగుతున్న లుజైన్ అల్ హత్లూల్ లాంటి వాళ్ళని అరెస్టు చేశారు, ఆమె జైలు నుంచి బయటికొచ్చింది 2021 ఫిబ్రవరిలో. నాకు బాధ కలిగించేది ఇదే. రాజు ఇచ్చాడు కాబట్టి వచ్చింది, అడిగినందుకు మాత్రం శిక్ష. మన దగ్గర ఎంత అన్యాయం జరిగినా రోడ్డెక్కి అరవొచ్చు, కోర్టుకి వెళ్ళొచ్చు, ఓటేసి దించొచ్చు, ఇది చిన్న తేడా కాదు.

మార్పు నిజం కాదని మాత్రం అనను. 2019 నుంచి 21 ఏళ్ళు దాటిన సౌదీ ఆడపిల్ల తండ్రి సంతకం లేకుండా పాస్‌పోర్టు తీసుకుని విదేశం వెళ్ళొచ్చు. పొద్దున్న బ్లూ లైన్ ఎక్కి చూడండి, అబాయా (ఒళ్ళంతా కప్పే పొడవాటి పై వస్త్రం) మీద ఆఫీసు ఐడీ కార్డు వేలాడేసుకుని, లాప్‌టాప్ తెరిచి పని చేసుకుంటూ వెళ్ళే అమ్మాయిలు ఎంతమందో. అయితే అదే అమ్మాయి పెళ్ళి చేసుకోవాలంటే 2022లో వచ్చిన కుటుంబ చట్టం ప్రకారం కూడా మగ గార్డియన్ ఉండి తీరాలి. ఉద్యోగానికి అక్కర్లేని అనుమతి పెళ్ళికి ఎందుకు?

ముస్లిం దేశాలన్నీ ఒకటే అని కూడా అనకండి దయచేసి. ఢాకాలో 2022 డిసెంబర్‌లో మెట్రో మొదలైతే మొదటి రైలు నడిపింది ఒక అమ్మాయి. టెహ్రాన్ మెట్రోలోనూ ఆడవాళ్ళ కోచ్‌లు ఉన్నాయి, 2023 అక్టోబర్‌లో అర్మితా గెరావంద్ అనే 16 ఏళ్ళ పిల్ల జుట్టు కప్పుకోకుండా రైలెక్కి, కాసేపటికే స్పృహ లేకుండా బయటికొచ్చింది, నాలుగు వారాలకి చనిపోయింది. హిజాబ్ కాపలావాళ్ళే తోసేశారని హక్కుల సంఘాలు, బీపీ పడిపోయిందని ప్రభుత్వం. అఫ్గానిస్తాన్‌లో అయితే 72 కిలోమీటర్లు దాటి వెళ్ళాలంటే మగ తోడు ఉండాలని 2021లోనే తాలిబన్లు ఆర్డర్ వేశారు, ఈ మెట్రో మొత్తం పొడవులో సగం కూడా కాదు అది. అటు సెక్యులర్ అని చెప్పుకునే చోట ఫ్రాన్స్‌లో 2004 నుంచి ప్రభుత్వ స్కూళ్ళలో తలకి గుడ్డ కట్టుకోకూడదు, 2022లో కర్ణాటకలో హిజాబ్ తియ్యలేదని పిల్లలు కాలేజీ గేటు బయటే ఉండిపోయారు. కప్పుకోమనే ప్రభుత్వమైనా, తియ్యమనే ప్రభుత్వమైనా, చదువు ఆగేది ఆడపిల్లదే కదా.

ఇంకొకటి చెప్పాలి. ఒకరోజు ఫ్యామిలీ కోచ్‌లో మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే ఎదురు సీట్లో ఇద్దరు అరబ్ పిల్లల్ని పట్టుకుని కూర్చున్నావిడ నా వైపే చూస్తోంది, ఫోన్ పెట్టగానే "తెలుగోరా అండీ" అంది. కోనసీమ నుంచి ఇంటి పనికి వచ్చిందట. మీరూ ఇలా బత్హా వెళ్ళి వస్తుంటారా అంటే, "నన్నొక్కదాన్నే పంపరండి, మేడంతో అయితేనే, పాస్‌పోర్టు కూడా ఆళ్ళ దగ్గరే ఉంది" అంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని ఇక్కడ రూల్ ఉంది, ఆ మాట చెప్పాను, ఎంబసీ గురించి కూడా చెప్పాను, మేడం లేవగానే పిల్లల్ని తీసుకుని దిగిపోయింది. సౌదీ ఆడవాళ్ళకి వచ్చిన హక్కులు మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళ దాకా రాలేదు, అక్కడి నుంచి పంపే ఏజెంట్లని అడిగే నాథుడూ లేడు, ఆ తప్పులో సగం మనదే.

మెట్రోకి నా రేటింగ్ ఐదుకి ఐదు. కొత్తగా వచ్చేవాళ్ళకి ఒకటే సలహా, యాప్ మీ ఫోన్‌లోనే, మీ నంబర్‌తోనే వేసుకోండి, ఇకామా (ఇక్కడ ఉండటానికి ఇచ్చే రెసిడెన్స్ కార్డు) మీ పర్సులోనే పెట్టుకోండి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా స్టేషన్ నుంచి నడవాల్సి ఉంటే పొద్దున్నే బయల్దేరండి, ఎండ 45 దాకా వెళ్తుంది. ముందు బ్లూ లైన్‌తో మొదలుపెట్టండి, తేలిక.